ముందు వెనక్కి దిగడం నేర్చుకో

ఒరేయ్ అల్లుడూ, థార్ కొన్నావు, సంతోషం. ఆదివారం స్నేహితుల్నేసుకుని పాడేరు మీదుగా వంజంగి కొండకి బయల్దేరుతున్నావని మీ అమ్మ చెప్పింది. వద్దనను, వద్దంటే ఆగే వయసా నీది! కానీ కొండెక్కే ఆ మట్టిదారి ఎంతో లేదులే అనుకోకు. పొడుగు తక్కువ దారులే నిటారుగా ఉంటాయి.

కింద బండాపి దిగి, ముందు నడిచి చూడు. వాన కోసిన గాడి ఎటుంది, కదిలే రాళ్ళెక్కడ, మలుపులో చోటుందా? శీతాకాలం తెల్లవారుజామున మంచుకి తడిసిన ఎర్రమట్టి నూనె పూసినట్టే జారుతుంది. అక్కడి జీపు డ్రైవరు ఒకడు ఎక్కేదాకా ఆగి, చక్రం ఎక్కడ పెడుతున్నాడో గమనించు. ఆ కుర్రాళ్ళని మించిన గురువులు నీకు దొరకరు.

టైర్లలో గాలి 22, 24 దాకా దించు. బండి పూర్తిగా ఆపి, న్యూట్రల్‌లో ఉంచి ఫోర్-లో వెయ్యి. ఫస్టో సెకండో ఒకటే గేరు, పైదాకా మార్చకు. సగంలో క్లచ్ తొక్కావా, ఊపు పోయినట్టే. ముక్కు పైకి లేచాక అద్దంలోంచి ఆకాశం తప్ప ఏమీ కనపడదు. పైన ఒకణ్ణి నిలబెట్టి సైగ చెయ్యమను. బండి వెనకాల మాత్రం ఎవర్నీ ఉండనివ్వకు, వీడియో తీసేవాణ్ణి మరీనూ!

అసలు మాట ఇది. ఇంజను ఆగిపోతే బ్రేకు గట్టిగా తొక్కు, హ్యాండ్‌బ్రేకూ లాగు. క్లచ్ తొక్కి రివర్సు వేసి, స్టార్ట్ చేసి, హ్యాండ్‌బ్రేకు వదిలి, కాలి బ్రేకు సడలిస్తూ క్లచ్ మెల్లగా పూర్తిగా వదిలెయ్. ఇక క్లచ్ జోలికెళ్ళకు, ఇంజనే పట్టి దింపుతుంది. చక్రాలు బిగుసుకుని జారితే బ్రేకు కాస్త సడలించు, లేకపోతే స్టీరింగు మాట వినదు. అద్దాలు చూసుకుంటూ ఎక్కిన దారినే తిన్నగా రా. సగంలో బండి తిప్పుదామని అడ్డంగా పెడితే పల్టీయే. చూసేవాళ్ళు ఈలలు వేస్తారు, వెయ్యనీ. ఊరి చివర చిన్న మిట్ట మీద ఇది రెండుమూడుసార్లు చేసి చూసుకో, ఆ తరవాతే కొండ.

దిగేటప్పుడూ లో గేరే. ఎదురుగా ఎక్కే బండికి దారివ్వడం నీ వంతు. తారురోడ్డు తగలగానే టూ-హై వెయ్యి, గాలి మళ్ళీ నింపు. మెత్తటి టైర్లతో వేగంగా పోతే వేడెక్కి పగులుతాయి. గాలి పంపు నా దగ్గరుంది, శనివారం వచ్చి పట్టుకెళ్ళు.