వేలంలో బొమ్మ ఒకటి, వస్తువు ఒకటి

అమెరికాలో ఉంటున్న ఒక సోదరుడు తన పాత చేతి గడియారాన్ని ఆన్‌లైన్ వేలంలో అమ్మాడు. తాను ఫొటో తీయలేదు. కంపెనీవారు ప్రకటన కోసం తీయించిన నిగనిగలాడే ఫొటోనే పెట్టి, వివరాల చివర 'అద్దం మీద కాస్త గీతలున్నాయి' అని రాశాడు. పాట బాగా పెరిగింది. కొన్న వ్యక్తి నెల దాటినా ఏమీ అనలేదు. "మౌలానా! గీతల సంగతి రాశాను, అతనూ గొడవ పెట్టలేదు. అయినా ఆ డబ్బు ముట్టుకోవాలంటే మనసొప్పడం లేదు" అని ఫోను చేశాడు.

(ప్రాణుల ఫొటోల విషయంలో ఉలమాల మధ్య ఉన్న చర్చ వేరు. గడియారం ఫొటోకు ఆ పేచీ లేదు.)

వేలంపాట ధర్మసమ్మతమే. ఒక పేద అన్సారీ సహాబీ ఇంట్లోని దుప్పటిని, పాత్రను దైవప్రవక్త (స) స్వయంగా పాటకు పెట్టారనీ, ఒకరు ఒక దిర్హమ్ అంటే మరొకరు రెండు అన్నారనీ హదీసు గ్రంథాల్లో ఉంది. అయితే అక్కడ వస్తువులు అందరి కళ్ళెదుటే ఉన్నాయి.

సీలు విప్పని కొత్త సరుకుకు కంపెనీ ఫొటో పెడితే తప్పులేదు. ఒకదానికొకటి తేడా లేని సరుకులో నమూనా చూపితే చాలునన్నారు ఫుఖహా. వాడిన వస్తువు అలా కాదు, దాని గీతలు దానివే. ఈబే సంస్థ కూడా వాడిన వస్తువులకు ఇలాంటి స్టాక్ ఫొటోలు పనికిరావని నియమం పెట్టింది. 1995లో అది మొదలైనప్పుడు అక్కడ తొలిసారి అమ్ముడుపోయింది చెడిపోయిన లేజర్ పాయింటర్! కొన్నవాడు అది చెడిపోయిందని తెలిసే 14.83 డాలర్లిచ్చాడు.

ఇక 'రాశాను కదా' అన్న మాట. దైవప్రవక్త (స) అంగడిలో ఒక ధాన్యపు కుప్పలో చేయి పెడితే వేళ్ళకు తడి తగిలింది. వానకు తడిసిందన్నాడు వర్తకుడు. అది అబద్ధం కాదు. ధాన్యాన్ని తడిపింది అతను కాదు. అడిగితే దాచలేదు కూడా. అయినా, తడిసినదాన్ని జనం చూసేలా పైన ఎందుకు ఉంచలేదని నిలదీసి, మోసగించేవాడు తన వాడు కాడన్నారు ప్రవక్త (స). వెదికితే దొరికేలా ఉంచడం చాలదు, పైన ఉండాలి. మన సోదరుడు పొడి ధాన్యాన్ని ఫొటోలో, తడిదాన్ని చివరి వాక్యంలో ఉంచాడు. పైగా వేలంలో, ఆ బొమ్మను అందరికన్నా ఎక్కువ నమ్మినవాడే ఎక్కువ పాడతాడు, వాడికే వస్తువు దక్కుతుంది.

అమ్మకం చెల్లుతుంది. లోపం రాసే ఉంది గనుక ఆ సొమ్మును హరామ్ అని నేను అనలేను. కానీ కొన్నవాని మౌనం ఇష్టమో, విసుగో మనకు తెలియదు. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) భాగస్వామి ఒకసారి లోపమున్న వస్త్రాన్ని ఆ సంగతి చెప్పడం మరచి అమ్మేస్తే, కొన్నవాడెవరో తెలియక ఇమామ్ ఆ సొమ్మంతా దానం చేశారు. ఈ సోదరుని దగ్గర చిరునామా ఉంది. అందుకే అతనికి ఉత్తరం రాసి, తిరిగి ఇస్తాడో, కొంత సొమ్ము వాపసు తీసుకొని ఉంచుకుంటాడో అడగమన్నాను.

"తిరిగి పంపితే?" అన్నాడు.

"డబ్బిచ్చేసి మళ్ళీ వేలంలో పెట్టు. ఈసారి ఫొటో నువ్వే తీయి, గీతలు కనిపించే వెలుగులో."