చేతికందే చేప

మృగశిర కార్తె వచ్చిందంటే మన తెలంగాణలో చేపల కూర వండని ఇల్లు అరుదు. మిరుగం నాడు చేప తింటే ఒంటికి మేలని పెద్దల మాట. మన ముస్లిం ఇళ్లలో కూడా ఈ అలవాటు ఉంది. అయితే సరిగ్గా ఆ రోజుల్లోనే చేపలు కడుపు నిండా గుడ్లతో ఉంటాయన్న సంగతి మనకు తట్టదు.

తొలకరి వానలకు జైనూర్ దగ్గరి వాగు పారినప్పుడు, చేపలు ఎదురెక్కడం చూపిద్దామని పిల్లల్ని వెంటబెట్టుకొని గట్టు వెంబడి నడిచాను. మధ్యాహ్నానికి ఒక చిన్న మత్తడి చేరాం. చేప ఎగురుతుంది, నీటి దెబ్బకు వెనక్కి పడుతుంది, మళ్లీ ఎగురుతుంది. కొత్త నీరు తగలగానే పైన పల్లాల్లో గుడ్లు పెట్టడానికి దానికి ఆరాటం. కిలో బరువున్న రోహు కడుపులో లక్షకు పైగా గుడ్లుంటాయి. బతికి పెద్దయ్యేవి బహు కొద్ది. సముద్రం నుంచి గోదావరిలోకి వచ్చే పులసదీ ఇదే ప్రయాణం. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట దాని దారికి అడ్డుపడింది. పసిఫిక్ తీరపు సాల్మన్ అయితే పుట్టిన ఏటికే తిరిగి వచ్చి, గుడ్లు పెట్టి, అక్కడే చనిపోతుంది.

మత్తడి పక్కనే కొందరు దోమతెర అడ్డంగా కట్టారు. వల విసిరే పని కూడా లేదు. మా చిన్నవాడు అడిగాడు: "అబ్బా! చేప హలాలే కదా, మనమెందుకు పట్టడం లేదు?"

నిజమే, హలాలే. అల్ మాయిదా సూరా 96వ ఆయతు ప్రకారం ఇహ్రాంలో ఉన్నవారికి సయితం నీటి వేట ధర్మసమ్మతం. కాని అల్ అఅరాఫ్ సూరా 163వ ఆయతులో సముద్రతీరపు ఒక బస్తీ ప్రస్తావన ఉంది. వేట నిషిద్ధమైన శనివారం నాడే వారికి చేపలు నీటిపైకి వచ్చి కనిపించేవి, మిగతా రోజుల్లో రావు. ఆ నిషేధం మనపై లేదు. అయినా సులువుగా చేతికందిందే పరీక్ష కాగలదని అందులో ఉంది. అబూ దావూద్ ఉల్లేఖనంలో, సహచరులు పట్టి తెచ్చిన పిట్ట పిల్లల్ని తల్లికి తిరిగి ఇచ్చేయమని దైవప్రవక్త (స) ఆదేశించారు.

అలాగని పూట గడవని కూలీ రెండు చేపలు పట్టుకుంటే తప్పుపట్టే నోరు నాకు లేదు. ఆ దోమతెర సంగతి వేరు. అది వేలికొస అంత పిల్లను కూడా వదలదు. బంగ్లాదేశ్‌లో ఏటా అక్టోబరు ప్రాంతంలో 22 రోజులు పులస జాతి చేపల వేట ఆపి, జాలరి కుటుంబాలకు బియ్యం ఇస్తారు. ఆంధ్ర తీరంలోనూ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్లకు విరామం. ఆకలిని లెక్కలోకి తీసుకోకుండా చేపను కాపాడమనడం కడుపు నిండినవాడి మాటే అవుతుంది.

ఇదంతా పిల్లవాడికి ఎంత అర్థమైందో తెలియదు. సాయంత్రం ఇల్లు చేరేసరికి పక్కింటి ఖాలా గిన్నెడు చేపల కూర పంపింది. ఆ వాగు చేపే. ప్రేమతో పంపింది, వెనక్కి పంపలేం. పళ్లెంలో గుడ్ల ముక్క పడగానే వాడు నావైపు చూశాడు. నేను బిస్మిల్లాహ్ అని తినడం మొదలుపెట్టాను. వాడు ఆ ముక్కను చాలాసేపు పక్కనే ఉంచుకున్నాడు.