ఆకులెవరు ఊడుస్తారు?

విడిచి వచ్చిన ఊరిమీద మనకు ఎంత హక్కు ఉంటుంది? మన సంఘం సమావేశాల్లో భోజనాల వేళ మాట్లాడుకునేది తరచు ఆ ఊళ్ళ గురించే. "హైదరాబాదు పాడైపోయిందండీ" అని ఒకరంటే పదిమందిమి తల ఊపుతాము. మేమూ ఊపినవాళ్ళమే. 2023 డిసెంబరులో రెండేళ్ళ మా పాపను వెంటబెట్టుకుని ఆ ఊరు వెళ్ళివచ్చాక మాత్రం ఆ మాట అనడానికి నోరు రావడం లేదు. కారణం మనవి చేస్తాము.

2003 నుంచి 2011 వరకు మేము చిక్కడపల్లిలో అద్దెకున్నాము. నగర కేంద్ర గ్రంథాలయానికీ, త్యాగరాయ గానసభకూ నడిచే వెళ్ళేవాళ్ళము. ఇల్లుగలావిడను పిన్నిగారని పిలిచేవాళ్ళము. వాకిట్లో పెద్ద బాదంచెట్టు ఉండేది. దాని నీడన కూర్చునే అమెరికా ప్రయాణానికి కాగితాలు నింపాము. పాపకు అన్నం తినిపించేటప్పుడల్లా ఆ చెట్టు కథే చెప్పేవాళ్ళము.

పాప మొదటి మూడు రాత్రులూ ఒంటిగంటకే లేచి కూర్చుంది. పగలేమో మేము చూపించదలచినది ఒక్కటీ చూడలేదు. ట్యాంక్‌బండ్ మీద ఎత్తుకుని బుద్ధవిగ్రహాన్ని చూపిస్తే, వేరుశనక్కాయల బండి మీది పొగను చూసింది. చార్మినారు దగ్గర ఒక మేకను చూసి కదలనంది. మాకు కొంత చిన్నబుచ్చినట్టయింది. తరువాత ఆలోచిస్తే తప్పు పాపది కాదనిపించింది. సాగరం నడుమ బుద్ధుడు నిలిచింది 1992లో. అంతకుముందే ఊరు వదిలినవారికి ఆయన కొత్త, మాకు పాత. చిక్కడపల్లి రోడ్డు మీద ఆకాశాన్ని మూసేసిందని మేము విసుక్కున్న మెట్రో 2020లో వచ్చింది. పాపకు అది మొదటినుంచీ ఉన్నదే! అసలైన ఊరని ఎవరికి వారు అనుకునేది తాము ఉన్ననాటి ఊరినే.

ఇంతవరకు ఇది ఇష్టాయిష్టాల సంగతి. ధర్మాధర్మాల ప్రశ్న పిన్నిగారి వాకిట్లో ఎదురైంది. చెట్టు లేదు. మొదలున్న చోట సిమెంటు చేయించారు. "అయ్యో, కొట్టించేశారా పిన్నిగారూ!" అన్నాము, మా సొత్తేదో పోయినట్టు. డెబ్భై ఎనిమిదేళ్ళావిడ. మోకాళ్ళ నొప్పులు. కోపం తెచ్చుకోలేదు.

"ఆకులెవరు ఊడుస్తారమ్మా? పనిమనిషి నావల్ల కాదంది. కాలువలో పడి నీళ్ళు నిలిచిపోతే పక్కింటివాళ్ళతో మాట పడ్డాను. నేనా, ఒంగలేను" అన్నారు. కాసేపాగి, "మావాడూ మీలాగే. ఇల్లు అమ్మొద్దంటాడు. తను పుట్టి పెరిగిన ఇల్లట. ఏటా వెల్ల ఎవరు వేయిస్తారో మాత్రం చెప్పడు" అన్నారు.

మాకు నోట మాట రాలేదు. అదే ఏడు ఊళ్ళో ఒంటరిగా ఉంటున్న మా అమ్మ, ఇల్లు అమ్మేసి తమ్ముడి దగ్గరకు వెళ్ళిపోతానంటే, "ఉండనీ అమ్మా, పాప వచ్చి చూడాలిగా" అని వారించింది మేమే.

అయితే జ్ఞాపకానికి విలువే లేదా అని మీరు అడగవచ్చు. ఉంది. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ వరదలో సుమారు నూట యాభైమంది దాని కొమ్మలు పట్టుకుని ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. శతాబ్దం దాటినా అది నిలిచి ఉన్నదంటే, అక్కడివారు దాన్ని నిలుపుకున్నారు కనుకనే. జ్ఞాపకం ఎవరిదైనా కావచ్చు. దానికి నిత్యం చాకిరీ చేసేది అక్కడ ఉండిపోయినవారు. చాకిరీలో భాగం లేనివారికి ఫిర్యాదులో భాగం ఎంత? డబ్బు పంపుతున్నాము కదా అనవచ్చు. పంపవలసిందే. కాని నడుము ఒంచి ఊడ్చేవారిని కాదని, ఏది ఉండాలో ఏది పోవాలో తేల్చే అధికారం ఆ డబ్బుతో రాదు. మన బాధ మనది. అది వారికి ఆజ్ఞ కాకూడదు.

మేము మాట్లాడుతూండగా పాప మూలనున్న చీపురు ఈడ్చుకొచ్చి, ఆకుల్లేని వాకిలి శ్రద్ధగా ఊడవడం మొదలుపెట్టింది. పిన్నిగారు చాలాసేపు నవ్వారు. ఆ సాయంత్రం పాప ఆవిడ ఒళ్ళోనే నిద్రపోయింది. మేము చూపించకుండానే పాప తనంతట తాను ఇష్టపడిన హైదరాబాదు అదే.

తిరిగి వచ్చాక అమ్మకు ఫోను చేసి, "ఇంటి సంగతి నీ ఇష్టం, నీకేది సుఖమో అదే చెయ్యి" అన్నాము. "ఏమైందర్రా మీకు? ఒంట్లో కులాసాగానే ఉందా?" అని కంగారుపడింది. ఇల్లు ఇంకా అమ్మలేదు. అమ్మితే మాకు దుఃఖం కలగదని చెప్పలేము. ఆ దుఃఖాన్ని ఫోనులో అమ్మకు వినిపించకుండా ఉండగలమా అన్నదే ఇప్పుడు మా ముందున్న పరీక్ష. మిత్రులలో చాలామందికి ఇటువంటి ఇల్లు ఒకటి ఉండే ఉంటుంది. ఈసారి ఫోను చేసినప్పుడు, అక్కడ ఆకులెవరు ఊడుస్తున్నారో ఒక్కమాట అడగండి.