తూకమునకు అందని వెల

తూకములో మోసము తప్పని ఒప్పుకొనని వర్తకుడు లేడు. మరి త్రాసు సరిగా ఉండి, ఆనాటి ధర ప్రకారమే సొమ్ము చెల్లించినను అన్యాయము జరుగవచ్చునా? జరుగవచ్చును. పాత బంగారు చేతిగడియారపు బేరమే అందుకు తార్కాణము.

ఒక వృద్ధురాలు చనిపోయిన భర్త గడియారమును కొంగున ముడివేసుకొని దుకాణమునకు వచ్చినదనుకొందము. "చూచి చెప్పు నాయనా, దీనికేమి వచ్చును?" అని అడిగినది. వర్తకుడు వెనుక మూత తీసి చూచును. 750 అను అంకె ఉన్నచో వేయింట 750 పాళ్లు బంగారము, అనగా 18 కారెట్లు. 585 అయినచో 14 కారెట్లు. స్విట్జర్లాండులో 1880 చట్టము మొదలుకొని 18 కారెట్ల కేసుపై స్త్రీ శిరస్సు, 14 కారెట్ల కేసుపై ఉడుత ముద్ర వేసెడివారు. 1995 నుండి వాటి స్థానమున కుక్క తల వచ్చినది. మైక్రాన్ల లెక్క వ్రాసియున్నచో అది పూత మాత్రమే.

యంత్రమును, అద్దమును తీసి కేసును మాత్రమే తూచవలెను. 18 కారెట్ల కేసు 10 గ్రాములు తూగినచో అందు మేలిమి 7.5 గ్రాములు. ఇది బంగారపు వెల. గడియారపు వెల వేరు. తయారుచేసిన కంపెనీ, యంత్రపు రకము, డయలు మొదటిదా లేక తిరిగి రంగు వేసినదా, పాలిషులో అంచులు అరిగినవా అనువాటిని బట్టి సేకరించువారు ధర కట్టుదురు. అది ఒక్కొక్కప్పుడు బంగారమునకు అనేక రెట్లుండును. ఒక్కొక్కప్పుడు ఏమియు మిగులదు.

ఇదంతయు ఎరిగియు 7.5 గ్రాములకు లెక్కకట్టి ఇచ్చి ఊరకున్నవాడు అబద్ధమాడినాడా? ఒక్క మాటయు ఆడలేదు. "ఏండ్ల తరబడి నష్టపడి నేర్చిన విద్య ఇది, ఉచితముగా పంచవలెనా?" అని అతడడుగవచ్చును. ఈ ప్రశ్న తేలికగా త్రోసివేయదగినది కాదు. విద్యకు ప్రతిఫలము న్యాయమే. తోటి వర్తకునితో బేరమైనచో ఎవరి తెలివి వారిదే. ఇరువురును ఎరిగియే కూర్చుందురు.

కాని వృద్ధురాలు బేరమాడలేదు, వెల అడిగినది. అడిగిన క్షణముననే అతనిని తీర్పరిగా కూర్చుండబెట్టినది. తీర్పరియే కొనుగోలుదారుడైనపుడు అతని మౌనము కూడ తీర్పే. అదియు తనకు అనుకూలముగా చెప్పుకొన్న తీర్పు.

అతనికి మార్గములు లేకపోలేదు. ఉన్నమాట చెప్పి, వెల కట్టినందుకు రుసుము పుచ్చుకొనవచ్చును. కమీషనుకు అమ్మిపెట్టవచ్చును. న్యాయమైన లాభము ఉంచుకొని తానే కొనవచ్చును. అదియు ఇష్టము లేనిచో, "అమ్మా, నేను కొనువాడను, వెల మరియొకచోట అడిగి రండి" అనవచ్చును. పూత గడియారమైనచో ఆ చేదు నిజమును కూడ మెత్తగా చెప్పవలసినదే.

మూసలో కరగిన కేసు తిరిగి గడియారము కాదు. వెనుక మూతపై చెక్కిన పేరు తిరిగి రాదు. త్రాసు బంగారమును తూచును. నమ్మి చేతికిచ్చిన దానిని తూచవలసినవాడు త్రాసు పట్టుకొన్నవాడే.