చేమిరి లేని రాయి ఉందా?

మిర్యాలగూడలో ఒక ఉప్పుడు బియ్యం మిల్లు వెనక, తీసి పారేసిన ఇనుప సామాను కుప్పలో అడ్డంగా కోసిన గొట్టం ముక్క ఒకటి కనబడింది. వడ్లు నానబెట్టే తొట్లలోకి వేడినీళ్ళు పోయే గొట్టమట. రెండు వేళ్ళు పట్టాల్సిన బెజ్జంలో ఇప్పుడు చిటికెన వేలు కూడా కష్టంగా దూరుతుంది. లోపలంతా సున్నపు పొర. కొన్నిచోట్ల ఎండిన మీగడ రంగు, కొన్నిచోట్ల తుప్పు చార, ఉల్లిగడ్డ కోసినట్టు పొర మీద పొర. ఒక పక్క వెల్డింగు బొడిపె ఉంది. అక్కడ మాత్రం పొర మిగతా చోట్ల కంటే రెండింతలు మందం. ఫిట్టరు దాన్ని చేతిలో తిప్పి చూసి, "నున్నగ ఉన్నకాడ తొందరగ పట్టది సార్. జర గరుకు దొరికితే చాలు, ఆడ పడ్తది. ఒక్కపాలి పట్టిందంటే ఇగ దాని మీదనే అది పెరుగుతది" అన్నాడు.

ఆ ముక్క అడిగి తెచ్చుకున్నాను. నా బల్ల మీదే ఉంది.

నీళ్ళు వేడెక్కితే కార్బన్ డయాక్సైడు ఎగిరిపోతుంది, కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేటు కాల్సైట్‌గా మారి గోడకు పడుతుంది. ఇంతవరకు బడిలో చదువుకున్నదే. రాయికి మొదలు ఎంత కష్టమో మాత్రం బడిలో ఎవరూ చెప్పలేదు. నాలుగు అయాన్లు దగ్గరికి చేరి చిన్న గుంపు కడితే, అందులో లోపల ఉన్నవాటి కంటే అంచున ఉన్నవే ఎక్కువ. అంచున ఉన్నదానికి పట్టు తక్కువ, నీళ్ళు దాన్ని మళ్ళీ లాగేసుకుంటాయి. ఒక పరిమాణం దాటిన గుంపే నిలుస్తుంది. అది దాటేలోపు ఎన్ని గుంపులు కట్టి, ఎన్ని కరిగిపోతాయో. సముద్రపు పై నీళ్ళలో కాల్సైట్‌ ఏర్పడటానికి కావలసిన దానికంటే కొన్ని రెట్లు ఎక్కువ సరుకే కరిగి ఉంది. అయినా సముద్రం తనంతట తాను సున్నమై పేరుకోదు. సరుకుంది, మొదలు లేదు.

అదే నీళ్ళలో ముందే తయారైన కాల్సైట్‌ పలుకు ఒకటి వేస్తే కథ మారిపోతుంది. వచ్చే అయానుకు ఎక్కడ కూర్చోవాలో వరుస ముందే సిద్ధంగా ఉంటుంది. శాస్త్రజ్ఞులు దీన్ని బీజ స్ఫటికం అంటారు. మా ఇంట్లో దీనికి పాత మాటే ఉంది, చేమిరి. కోదాడ దాటి జగ్గయ్యపేటలో అడుగుపెడితే అదే తోడు. పాలు పేరుకోవడానికి వేసే చుక్కకూ, చీకట్లో పక్కన నడిచే మనిషికీ ఒకే మాట పెట్టుకున్న భాష మనది. ఆ మాట ఎవరు ముందు అన్నారో గానీ, చాలా లోతు చూసి అన్నారనిపిస్తుంది.

ఇంట్లో చేమిరి అయిపోతే చిన్నప్పుడు గిన్నె పట్టుకుని పక్కింటికి పోయేవాణ్ణి. వాళ్ళ పెరుగు ఇంకెవరి పెరుగులోంచి వచ్చిందో. అలా వెనక్కి పోతే మొదటి చుక్క ఎక్కడ? ఇంకో సంగతి కూడా గుర్తుంది. ఏ ఇంటికి చేమిరికి పోవచ్చో, ఏ ఇంటికి పోకూడదో ఊరందరికీ తెలుసు. నాకు ఎవరూ నోరు తెరిచి చెప్పలేదు. ఎనిమిదేళ్ళ పిల్లవాడికి అది అప్పటికే తెలిసిపోయింది. ఆ తెలివి నాకు ఏ చుక్కతో వచ్చింది? నేను అనుకునే నా మనసు, నా ఇష్టాయిష్టాలు, ఎవరి గిన్నెలో పేరుకుని నా దాకా వచ్చాయి?

మేళ్ళచెరువు, మఠంపల్లి వైపు పోతే సిమెంటు ఫ్యాక్టరీల కోసం తవ్విన గుంతల్లో సున్నపురాయి పలకలు పలకలుగా కనిపిస్తుంది. పల్నాటి దాకా పరుచుకున్న రాయి ఇది. దీని వయసు 54 కోట్ల ఏళ్ళ పైమాటే. అంటే ఒంటి మీద గవ్వ కట్టుకునే జీవులు ఇంకా సముద్రాల్లో విస్తరించని కాలం. మరి ఆ సముద్రంలో చేమిరి ఎవరు? అలాంటి పాత రాళ్ళలో సూక్ష్మజీవుల జిగురు పొరలు మిగిల్చిన గుర్తులు దొరుకుతాయి. అంతకుముందే అడుగున పడి ఉన్న పలుకుల మీద కొత్త పలుకులు పెరిగిన గుర్తులూ దొరుకుతాయి. ఇంకా వెనక్కి, ఆక్సిజన్ లేని తొలి సముద్రాల్లోకి పోతే, నీళ్ళలో ఇనుము కరిగి ఉండేది. ఆ ఇనుమే కాల్సైట్‌ పలుకులు నీళ్ళ నడుమ పుట్టకుండా అడ్డుపడిందనీ, అందుకే కొత్త పలుకు పుట్టే కన్నా అడుగున ఉన్న పాత పలుకు మీదే రాయి దట్టంగా పెరిగిందనీ డాన్ సమ్నర్, జాన్ గ్రోట్జింగర్ 1996లో ప్రతిపాదించారు. కరిగిన ఇనుము ఏ కాస్తో సముద్రపు అడుగు రూపాన్నే మార్చిందన్నమాట.

ఇలాంటి పనే మెగ్నీషియం ఈనాటికీ చేస్తోంది. దాని అయాను కాల్షియం కంటే చిన్నది, చుట్టూ నీటి అణువులను గట్టిగా పట్టుకుని ఉంటుంది. పెరుగుతున్న స్ఫటికానికి కొత్త వరుస మొదలయ్యే మెట్టు ఉంటుంది కదా, అక్కడికి వచ్చి ఆనుతుంది. ఒంటి మీది నీళ్ళు వదలదు, వెనకవాళ్ళకు దారివ్వదు. కాల్సైట్‌ నెమ్మదిస్తుంది. అదే సరుకు ఇంకో అమరికకు, అరగొనైట్‌కు, మళ్ళుతుంది. ఇప్పటి సముద్రంలో ఒక కాల్షియానికి ఐదు మెగ్నీషియాలున్నాయి. ముత్యమూ శంఖమూ అరగొనైటే. మెగ్నీషియం అంత లేకపోయినా, లీటరు నీళ్ళలో కొద్ది మిల్లీగ్రాముల జింకు ఉన్నా కాల్సైట్‌ తడబడుతుంది. మాంగనీసుదైతే నన్ను బాగా కదిలించిన సంగతి. సున్నపురాయిని పలుచగా కోసి, నునుపు చేసి, ఎలక్ట్రాన్ల ధార కింద పెడితే మాంగనీసు చేరిన పొరలు నారింజ రంగులో వెలుగుతాయి, ఇనుము ఎక్కువైన పొరలు మసకబారతాయి. పది లక్షల పాళ్ళలో కొన్ని పదుల పాళ్ళు చాలు. మామూలు వెలుగులో ఏకరంగుగా కనిపించే రాయి, ఏ కాలంలో ఏ నీళ్ళు తన మీద నుంచి పారాయో పొర పొరా చెబుతుంది.

ఈ లోహాలకు మన పుస్తకాల్లో పెట్టిన పేరు మలినాలు. ఆ మాట నాకు గొంతు దిగదు. మన నేల మీద ఆ మాటను లోహాల కంటే ముందు మనుషుల మీద వాడారు. చేమిరి అడగకూడని ఇళ్ళ మీద వాడారు. స్వచ్ఛమైన కాల్సైట్‌ అనేది సీసాలో తయారుచేసుకునేదే గానీ, భూమి మీద దొరికే ప్రతి సున్నపురాయిలో ఇంకెవరో ఉన్నారు. ఆ ఇంకెవరో లేకపోతే దానికి ఆ రంగు లేదు, ఆ జ్ఞాపకం లేదు.

ఇంతవరకు రాసి ఆగాను. నల్లగొండ గుర్తొచ్చింది. అక్కడి గ్రానైటు నేలల్లో బోరునీళ్ళు ఎండకు చిక్కబడితే అందులోని కాల్షియం సున్నపు గులకలై మట్టిలో పేరుకుంటుంది. చేలల్లో కాలికి తగిలే ఆ తెల్ల గులకలు అవే. కాల్షియం ఉంటే ఫ్లోరైడును కొంతైనా పట్టి కింద కూర్చోబెట్టేది. అది రాయై పోయాక ఫ్లోరైడు నీళ్ళలోనే మిగిలిపోతుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే పళ్ళకు ముప్పు, ఇంకా పెరిగితే ఎముకలకు. ఎముకా ఖనిజమే కాబట్టి ఫ్లోరైడు దాని అమరికలో దూరి కూర్చుంటుంది. చేలో గులక పెరగడమూ, ఊళ్ళో నడుము వంగిపోవడమూ ఒకే నీటి రెండు పనులు. కాబట్టి పరాయి చుక్క ప్రతిదీ మేలే చేస్తుందని అనలేను. కలిసినది ఏమిటో, ఎంతో, ఎవరి ఒంట్లో చేరుతోందో చూడకుండా దేన్నీ మెచ్చుకోవడానికి లేదు.

సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో బౌద్ధులు క్రీస్తుశకం తొలి శతాబ్దాల్లో సున్నపురాయి మీదే బుద్ధుడి కథ చెక్కారు. ఏదీ తనంతట తాను పుట్టదు, కారణాలు కూడితేనే పుడుతుందని వాళ్ళ ప్రతీత్య సముత్పాదం. నాకు ఆ మాట మీద నమ్మకముంది, పేచీ కూడా ఉంది. అన్నిటికీ కారణాలు ఉన్నప్పుడు, వంగిన నడుముకు జవాబు చెప్పాల్సింది ఎవరు? రాయికి బాధ్యత లేదు. రాయిని చదవగలిగి కూడా ఏళ్ళ తరబడి అదే బోరునీళ్ళు తాగనిచ్చిన మనకు ఉంది. నాకు పరాయి చుక్కతో పుట్టిన మనసే ఉండవచ్చు. ఆ చుక్క ఏమిటో తెలిశాక కూడా ఆ ఇంటి గడప తొక్కకపోతే ఆ తప్పు మాత్రం నాదే.

తప్పు అంటే ఇంకో రాయి గుర్తొస్తుంది. కోదాడ నుంచి ఖమ్మం దాటి పోతే మాదారంలో డోలమైట్‌ గని ఉంది. విశాఖ ఉక్కు ఫ్యాక్టరీ కోసం తవ్విన గని. కాల్షియం, మెగ్నీషియం వరుస మార్చి వరుస కూర్చున్న రాయి డోలమైట్‌. పాత కొండల్లో కొల్లలుగా ఉంది గానీ, మామూలు వేడిలో ప్రయోగశాలలో తయారుకాదు. లింటన్ లాండ్ అనే ఆయన 32 ఏళ్ళు ఎదురుచూసి, రాలేదని 1998లో రాశాడు. ఒక మనిషి ఉద్యోగ జీవితమంత కాలం అది. ఆ ఓపికకు నేను చేతులెత్తి మొక్కుతాను. 2023లో జూన్సూ కిమ్, వెన్‌హావ్ సన్, జపాన్ శాస్త్రజ్ఞులు కలిసి అడ్డమేమిటో కనిపెట్టారు. తప్పు చోట్ల కూర్చున్న అయాన్లు తర్వాతి పొరను ఆపేస్తున్నాయి. కొంచెం కరిగిస్తే, తప్పు చోట ఉన్నవే ముందు ఊడిపోతాయి. వాన వచ్చి పోయినట్టు, ఆటుపోట్లు వచ్చి పోయినట్టు, రెండు గంటల్లో 4000 సార్లు అలా కరిగించి చూస్తే దాదాపు 300 పొరలు పెరిగాయి. అంతకుముందు ఐదు పొరలు దాటింది లేదు.

ఇది చదివాక మళ్ళీ మిర్యాలగూడ పోయి ఫిట్టరును అడిగాను, యాసిడ్ పోసి కడిగితే గొట్టం మొదటిలా అవుతుందా అని. కడిగి ఆరబెట్టిన ఇంకో ముక్క తెచ్చి వెలుగుకు పెట్టి చూపించాడు. లోపలంతా ఇనుము మెరుస్తోంది. వెల్డింగు బొడిపె కింద సందులో మాత్రం తెల్లటి గీత ఒకటి, వెంట్రుకంత సన్నం. "గిది పోదు సార్" అన్నాడు, గోటితో గీకుతూ.