చూచి మిన్నకున్నవానికి పాపము లేదా?

నోటినుండి వెడలిన మాటను మరల వెనుకకు తీసికొనజాలము. పూర్వము ఆ మాట వాడకట్టు దాటునప్పటికి కొంత చల్లారెడిది. నేడట్లు కాదు. ఒక బాలికపై వ్రాసిన నింద, వికృతపరచిన ఆమె ఛాయాచిత్రము చేతిలోని ఫోను ద్వారా గడియలో వందలమందిని చేరుచున్నవి. బడి విడిచి ఇల్లు చేరినను ఆ పరిహాసము నుండి ఆమెకు విడుదల లేదు. దీనినే సైబర్ వేధింపు అనుచున్నారు.

ఇచట ఒక ధర్మసందేహము కలదు. నిందను కల్పించినవాడు దోషి యనుట నిశ్చయము. దానిని చూచి నవ్వినవాని మాట యేమి? 'నేను వ్రాయలేదు గదా' యని మరియొకరికి పంపినవాని మాట యేమి? చూచియు మిన్నకున్నవానికి ఆ పాపములో పాలు లేదా?

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. కౌరవసభలో ద్రౌపది అడిగిన ప్రశ్నకు పెద్దలు బదులీయకున్నప్పుడు విదురుడు ఒక పూర్వగాథను వినిపించెనని మహాభారత సభాపర్వము తెలుపుచున్నది. ప్రహ్లాదుని కుమారుడైన విరోచనునకు, అంగిరసుని కుమారుడైన సుధన్వునకు తమలో ఎవరు శ్రేష్ఠులను వివాదము పుట్టెను. ఇరువురును ప్రాణములనే పణముగా నొడ్డి, తీర్పునకై ప్రహ్లాదుని కడకే వచ్చిరి. ధర్మసంకటమున బడిన ఆ తండ్రి, నిజమెరిగియు పలుకనివాని గతి యేమని కశ్యపుని అడిగెను. నిందింపదగిన పనిని సభ నిందింపనిచో, ఆ పాపములో సగము సభకు పెద్దయైనవానికి, పాతిక చేసినవానికి, తక్కిన పాతిక మిన్నకున్న సభాసదులకు చెందునని కశ్యపుడు చెప్పెను. నిందించినచో పెద్దయు, సభాసదులును విముక్తులగుదురు. పాపమంతయు చేసినవానినే చేరును.

చేసినవానికి పాతికయే యనుట అతని దోషమును తగ్గించుట కాదా యని కొందరికి తోచవచ్చును. కాదు. వేధించువానికి ఒక సభ కావలెను. నవ్వువారు లేనిచో ఆ పరిహాసము పుట్టినచోటనే చచ్చును. ఒక్క మాటతో ఆపగలిగియు ఆపని పెద్ద దానికి ప్రాణము పోసినవాడే యగును. నేటి వాట్సాప్ బృందము అట్టి సభయే. మన చట్టము సైతము ఈ లెక్కను కొంతవరకు ఒప్పుకొనినది. పదునెనిమిదేండ్లు నిండనివారి అశ్లీలచిత్రములను ప్రచురించువారినే గాక, ఇతరులకు పంపువారిని, వెదకి చూచువారిని కూడ 2000వ సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టములోని 67బి సెక్షను శిక్షార్హులుగా ఎంచుచున్నది.

ప్రహ్లాదచరిత్రమును తెనుగువారి ఇంటింటి కథ గావించిన పోతనామాత్యుని బమ్మెర గ్రామము నేడు జనగామ జిల్లాలో నున్నది. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలు 2016 అక్టోబరు 11న ఏర్పడినవి. 2020లో కరోనా వలన బడులు మూతపడగా, ఇచటి పల్లెలలోను పాఠముల కొరకై పిల్లల చేతికి ఫోనులు వచ్చినవి. పాఠములతోపాటు ఈ సభయు ఇల్లు చొచ్చినది. 2021లో తెలంగాణ పోలీసు మహిళా భద్రతా విభాగము ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు శిక్షణ నిచ్చి, తోటివారిని జాగరూకులను చేయు 'సైబర్ అంబాసిడర్లు'గా తీర్చిదిద్ద బూనినది. సభలో నోరు విప్పు సభాసదులను తయారుచేయుటయే గదా ఇది!

ఇక గృహస్థుల మాట. బిడ్డ కన్నీటితో వచ్చి చెప్పినప్పుడు చాలమంది మొదట చేయు పని ఆమె ఫోను లాగికొని ఆమెనే గద్దించుట. ఇది బాధితురాలిని దండించుటయే యగును. ఈ భయముననే పిల్లలు దాచుదురు. మొదట సాంతము వినవలెను. తప్పు నీది కాదని చెప్పవలెను. వచ్చిన సందేశములను చెరిపివేయక సాక్ష్యముగా భద్రపరుపవలెను. 1098 బాలల సహాయవాణికి గాని, 1930 సైబర్ నేరముల సహాయవాణికి గాని, షీ టీమునకు గాని తెలుపవలెను. పరువు పోవునని దాచినచో, పరువు తీయువానికే బలము కలుగును.

ఇంతకంటె కఠినమైన పరీక్ష మరియొకటి కలదు. వేధించినవాడు మన కుమారుడే యైనచో? 'చిన్నతనము, ఆటకై చేసినాడు' అనుట ఎంత సులభము! ధృతరాష్ట్రుడు అట్లే మిన్నకుండెను. ప్రహ్లాదుడో, నీకంటె సుధన్వుడే శ్రేష్ఠుడని కుమారుని ముఖముననే పలికెను. పుత్రప్రేమ కంటె ధర్మమును మిన్నగా నెంచిన ఆ తండ్రిని మెచ్చి సుధన్వుడు విరోచనుని ప్రాణములను తిరిగి ప్రసాదించెను.

ధర్మము పలికిన తండ్రి కుమారుని పోగొట్టుకొనలేదు. పలుకని తండ్రి నూర్వురిని పోగొట్టుకొనెను. ఈ రెండు గృహములలో మన గృహము ఏదియో ప్రతి తండ్రియు, ప్రతి తల్లియు నేటి రాత్రి యోచించుకొందురు గాక!