వినోదమునకు వెల

ఒక వస్తువును కొనుటకు ముందు దాని వెలను విచారించుట గృహస్థుని ధర్మము. బియ్యము, బట్ట, ఇంటి అద్దె మొదలగువాని విషయమున ఈ విచారణ సులభము. అవసరమెంతయో ముందుగనే తెలిసియుండును. వినోదము విషయమున అట్లు కాదు. అచ్చట కోరువాడును, చాలునని చెప్పవలసినవాడును ఒక్కడే. కావున లెక్క ఎంత సరిగా వేసినను, మనస్సు దానిని తన కోరికవైపునకే త్రిప్పుకొనుచుండును. థీమ్‌పార్కులలో అమ్ము వార్షిక పాసు ఇందుకు తగిన ఉదాహరణము. దానిని కొనుట లాభమా, నష్టమా అను ప్రశ్న చూచుటకు చిన్నది. విచారించినకొలదియు అది ధనముకంటె మనస్సునకే ఎక్కువ సంబంధించినదని తేలును.

అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రమందలి అనహైమ్ నగరమున డిస్నీలాండ్ 1955 జూలై 17వ తేదీన ప్రారంభమైనది. ఆ సంవత్సరము అక్టోబరు మొదలు అచ్చట టిక్కెట్ల పుస్తకములను అమ్మిరి. ఒక్కొక్క వినోదమునకు ఒక్కొక్క తరగతి టిక్కెట్టు. పుస్తకమునుండి ఒక టిక్కెట్టును తీసి యిచ్చినపుడెల్ల, ఎంత వెచ్చమైనదియు, ఎంత మిగిలినదియు సందర్శకునకు కంటికి కనబడుచుండెను. 1982లో ఆ పద్ధతి ముగిసి, ఒక్క టిక్కెట్టుతో దినమంతయు విహరించు పద్ధతి స్థిరపడెను. ఏడాదిపొడుగునను చెల్లు పాసులును వాడుకలోనికి వచ్చెను. 2021 జనవరిలో డిస్నీలాండ్ తన పాత వార్షిక పాసుల పథకమును ముగించి, ఆగస్టులో ‘మ్యాజిక్ కీ’ అను పేర నాలుగు తరగతుల పాసులను ప్రవేశపెట్టెను. వాని వెలలు ఆనాడు 399, 649, 949, 1,399 డాలర్లు. అన్నిటికంటె చౌకయైనది దక్షిణ కాలిఫోర్నియా నివాసులకు మాత్రమే. అది చెల్లని దినములును పెక్కు. ఒక్కరోజు టిక్కెట్టు వెల అప్పుడు దినమునుబట్టి 104 మొదలు 154 డాలర్లవరకు ఉండెను.

ఈ వెలలతో ఒక లెక్క వేయవచ్చును. పదేండ్లు దాటిన పిల్లలిద్దరుగల దంపతులు ఆ చౌక పాసులను నాలుగింటిని కొన్నారనుకొందురుగాక. అయిన వెచ్చము 1,596 డాలర్లు. నలుగురును నాలుగు పర్యాయములు 104 డాలర్ల టిక్కెట్లతో పోయినచో 1,664 డాలర్లగును. కావున నాలుగు పర్యాయములు పోయినంతనే 68 డాలర్లు మిగిలినవని ఆ గృహస్థు సంతోషించును. అతని కూడికలో తప్పు లేదు. కాని పాసులే లేనియెడల ఆ కుటుంబము ఆ ఏడాది ఎన్ని పర్యాయములు పోయియుండెడిది? ఒక్క పర్యాయమే యైనచో, అయ్యెడి వెచ్చము 416 డాలర్లు. అనగా 68 డాలర్లు మిగిలినవని తలచువాడు నిజమునకు 1,180 డాలర్లు అధికముగా వెచ్చించినాడు. భోజనమునకైన వ్యయము వేరు. దక్షిణ కాలిఫోర్నియాలో స్థిరపడిన తెలుగు కుటుంబములకును ఈ లెక్క క్రొత్త కాదు.

రైల్వే సీజన్ టిక్కెట్టుతో పోల్చినచో విషయము స్పష్టమగును. నిత్యము రైలులో పోయి కొలువు చేయువానికి ప్రయాణము ఉద్యోగముచేత ఏర్పడినది. సీజన్ టిక్కెట్టుచేత ఏర్పడినది కాదు. టిక్కెట్టు చౌక యైనదని అతడు రెండు పర్యాయములు కార్యాలయమునకు పోడు. కావున అచ్చట కూడికయు, భాగహారమును చాలును. వినోదపు పాసు అట్టిది కాదు. అది ఉన్న అవసరమును తీర్చుటతో నిలువదు. లేని అవసరమును కల్పించును. తాను కల్పించిన ప్రయాణములనే చూపి, ఇంత లాభము చేకూర్చితినని చెప్పుకొనును.

మానవుడు తన రేపటి ఉత్సాహమును అధికముగా ఊహించుకొనునని ఆర్థికశాస్త్రజ్ఞులు పరిశీలించి చూపిరి. స్టెఫానో డెల్లావిగ్న, ఉల్రికె మాల్మెండియర్ అనువారు అమెరికాలోని వ్యాయామశాలల సభ్యులనుగూర్చి 2006లో ఒక వ్యాసమును ప్రకటించిరి. నెలకు 70 డాలర్లకు మించిన చందా కట్టినవారు సగటున నెలకు నాలుగు పర్యాయములకంటె కొంచెము ఎక్కువగా మాత్రమే పోయిరి. ఆ లెక్కన ఒక్కొక్క పర్యాయమునకు 17 డాలర్లకు పైగా పడెను. పది పర్యాయముల టిక్కెట్టును కొనినచో ఒక్కొక్కదానికి 10 డాలర్లే అగును. చందా కట్టునాటి సంకల్పము ఒకటి, తరువాతి నడవడి వేరొకటి.

ఇందుకు ఎదురైన దోషము మరొకటి కలదు. హాల్ ఆర్క్స్, కాథరిన్ బ్లూమర్ అనువారు 1985లో ప్రకటించిన పరిశోధనలో ఒహాయో విశ్వవిద్యాలయపు నాటకశాల సీజన్ టిక్కెట్లను కొందరు పూర్తి వెలకును, కొందరు తగ్గింపు వెలకును పొందిరి. ఎవరికి తగ్గింపు లభించునో ముందుగా ఎవరికిని తెలియదు. నాటకములు అందరికిని సమానమే. ఐనను పూర్తి వెల యిచ్చినవారు మొదటి సగముకాలములో ఎక్కువ నాటకములకు పోయిరి. వారిని నడిపినది నాటకముపై ప్రీతి మాత్రమే కాదు; ఇచ్చిన ధనము వృథా కారాదను చింతయు నడిపినది.

కుటుంబజీవనమున ఈ చింత చేయు హాని సామాన్యమైనది కాదు. ఆదివారమున పిల్లవాడు అలసియున్నాడు, ఇంటనే ఆడుకొందుననుచున్నాడు. తల్లికి విశ్రాంతి కావలెను. ఐనను పాసు గడువు సమీపించుచున్నదని తండ్రి అందరిని బయలుదేరదీయును. సంతోషముకొరకు కొన్నది సంతోషముపై విధించిన పన్నుగా మారును. డబ్బిచ్చి తేలు కుట్టించుకొన్నట్లు అను సామెత ఇట్టి సందర్భమునకే తగును. చెల్లించిన వెల, పోయినను తిరిగిరాదు, ఇంటనున్నను తిరిగిరాదు. ఆనాడు నిజముగా వెచ్చమగునది ఆ దినమే. దాని విలువనే ఆనాడు చూడవలెను.

అట్లని పాసు సర్వదా బంధమని చెప్పరాదు. ఒక్కరోజు టిక్కెట్టును కొన్నవాని ఆత్రమును గమనింపుడు. ఇచ్చిన వెలకు సరిపడ చూడవలెనని ఉదయము మొదలు రాత్రివరకు వరుసలలో నిలిచి, ఏడ్చుచున్న బిడ్డను ఒక వినోదమునుండి మరొకదానికి ఈడ్చుకొనిపోవుచుండును. సమీపమున నివసించు పాసుదారు సాయంకాలమున పోయి, గంటసేపు చెట్లనీడను నడచి, బిడ్డకు ప్రియమైన ఒక్క బండిని ఎక్కించి, తృప్తితో మరలిరాగలడు. వృద్ధులైన తల్లిదండ్రులను వెంటగొని మెల్లగా తిరుగువానికిని ఈ సౌకర్యము గొప్పది. అట్టివానికి పాసు లోభమునుండి విడుదల కల్గించును. ఐతే, ‘మ్యాజిక్ కీ’ ప్రారంభమైనపుడు పాసున్నను ముందుగా దినమును నిర్ణయించి రిజర్వు చేసికొనవలసియుండెను. ఇష్టమైనపుడు పోవు స్వేచ్ఛయే తాను కొనుచున్నదని తలచువాడు ఇట్టి నిబంధనలను ముందుగా చదువవలెను.

కావున కొనదలచినవాడు మూడు ప్రశ్నలను తన్ను తాను అడిగికొనుట మేలు. గడచిన ఏడాది పూర్తి వెల చెల్లించి ఎన్నిమార్లు పోయితిని? ఎన్నిమార్లు పోవలెనని తలచితినో లెక్కింపరాదు. రెండవది: ఈ పాసు నాకు ఉచితముగా లభించినచో, ఏ యే దినములను దానికి ఇత్తును, ఆ దినములలో ఇప్పుడు జరుగుచున్న ఏ పనిని మానుదును? బంధువుల ఇంటికి పోవుటయా, పిల్లలతో చదువుటయా, ఊరక విశ్రమించుటయా? మూడవది: పోయిన గంటకే పిల్లవాడు ‘ఇంటికి పోదము’ అన్నచో, వెలను తలపక, కోపింపక మరలిరాగలనా?

మొదటి రెండు ప్రశ్నలు ధనమునకును, కాలమునకును సంబంధించినవి; వానికి జవాబు కాగితముపై వ్రాసి చూచుకొనవచ్చును. మూడవదానికి జవాబు స్వభావములోనే యున్నది. ఔనని నిజాయితీతో చెప్పగలవాడు, మొదటి రెండింటి లెక్కయు సరిపడినచో, పాసును నిశ్చింతగా కొనవచ్చును. చెప్పలేనివాడు ఈ యేటికి ఒక్కరోజు టిక్కెట్టును కొని, ఆ దినమునకై పిల్లలతోబాటు ఎదురుచూచుట మేలు. ఏడాదికొకమారు వచ్చు పండుగకై ఎదురుచూచుటలో పిల్లలు పొందు ఆనందమునకు వెల లేదు. ఏ పాసును దానిని అధికము చేయజాలదు.